కారం కనిపించే వీడియో

ఖమ్మం, ఫిబ్రవరి 2009

మామ రామ్‌చందర్‌కు అల్లుడు కోటేష్ దండాలు.

మామా, శుభవార్త! నేను పనిచేసే మిర్చి దుకాణానికి పెద్ద ఖరీదుదారు వచ్చిండు. నీ కాయ మొత్తం ఒక్కసారే కొంటడంట! సంచెడు పంపిస్తనంటే, "మంచివి ఏరి పంపుతరు, కల్లం మొత్తం చూడాలె" అన్నడు. అడవి దాటి తండాకు రాలేడు. అందుకే బస్సు డ్రైవర్ జంపయ్య చేతికి కెమెరా ఫోన్ ఇచ్చిన. ఫోటో తీసి, సిగ్నల్ దొరికే గుట్టెక్కి మా సేటు ఫోన్‌కు పంపు. గుట్ట మీద గాలికి మాట వినపడదు, సంగతులు ఉత్తరంలోనే రాసి, రోజూ వచ్చే జంపయ్య చేతికియ్యి.

నీ కోటేష్

తా.క.: ఫోన్‌ను అత్త బియ్యం డబ్బాలో దాచకుండ చూడు.

*

అల్లుడు కోటేష్‌కు మామ దీవెనలు.

ఫోటో పంపిన! కల్లం, దాని ముందర నేను, పక్కన మీ అత్త లాలి, ఎడ్లు, ఇంకా పక్కింటి బద్యా. వాణ్ని తీయకుంటే అలుగుతడు. ఖరీదుదారు ఏమన్నడు? జల్దీ రాయి. మబ్బు పట్టింది. కాయ తడిస్తే ఈ ఏడు నా పని అయిపోయినట్టే.

మీ మామ రామ్‌చందర్

తా.క.: ఫోటోలో మీ అత్త కళ్లు మూసింది. తెరిచేదాకా తీసిన. అన్నీ పంపిన.

*

మామా,

ఎంత పని జేస్తివి! సేటు ఫోన్ పొద్దంతా మోగుతనే ఉంది. అన్నిట్ల అత్తనే ఉంది, మిర్చి ఏది? "మీ మామ అమ్మేది మిర్చా, ఎడ్లా?" అని ఖరీదుదారు అడిగిండు. ఈసారి మనుషులు వద్దు. కల్లం ఒక్కటే తీయి.

నీ కోటేష్

తా.క.: ఎడ్లకైతే ధర కూడా చెప్పిండు.

*

అల్లుడా!

ఉత్త కల్లం చూసి ఎవడు కొంటడు? ఫోటోలో రంగు కనిపిస్తది గాని కారం కనిపిస్తదా? యార్డుల కాయ విరిచి నాలుకకు రాసుకుని గదా బేరమాడేది! అందుకే వీడియో పంపిన. గుప్పెడు కాయలు కరకర నమిలి, కళ్లెంట ముక్కెంట నీళ్లు కారుతుంటే "సచ్చిన దేవుడో!" అని గుట్ట మీద దొర్లిన. బద్యా తీసిండు. ఇంక బేరం ఖాయం!

మీ మామ రామ్‌చందర్

తా.క.: మేకలు కాసేటోళ్లు పాము కరిచిందనుకుని నన్ను దవాఖానాకు ఎత్తుకపోయిన్రు. వీడియో చివర్న ఊగేటివి నా కాళ్లే.

*

మామా,

కొంప మునిగింది! ఆయనకు కావాల్సింది కారం లేని కాయనంట! కాయ నుంచి ఎర్ర రంగు తీసే ఫ్యాక్టరీకి. ముందే చెబితే ధర పెంచుతమని దాచిండు. అత్త భుజం వెనక ముడతల కాయ కనిపించి, అసొంటిదానికి కారం తక్కువని ఆశపడ్డడంట. నీ వీడియో చూసి, "తింటే మనిషిని మోసుకపోవాల్సిన సరుకు నాకొద్దు" అని బ్యాగు సర్దుతుండు. రేపటి రైలుకు పోతడు. నేనేం జేయాలె?

నీ కోటేష్

తా.క.: సేటు భార్య నీ కోసం మొక్కుకున్నది.

*

అల్లుడా,

బ్యాగు గుంజుకో! ఆ కాయల కారమే లేదు! కొత్త విత్తనం వేసి మోసపోయిన అనుకున్న. సిగ్గై నీకు చెప్పలే. పప్పుల గుప్పెడేసినా పసిపిల్ల తింటది. ఆ ఏడుపంతా యాక్టింగే! కళ్లకు ఉల్లిగడ్డ రాసింది మీ అత్త. జంపయ్యతో సంచెడు కాయ పంపుతున్న, నమిలి చూడుమను.

మీ మామ రామ్‌చందర్

తా.క.: సంచి సగమే చేరితే జంపయ్యను తిట్టకు. బస్సు కదలకముందే పల్లీల లెక్క నములుడు మొదలుపెట్టిండు.

*

మామా, మామా!

బేరమైంది! మిగిలిన కాయలు జంపయ్య అందరి ముందరనే తినేసి, "ఇంకున్నయా?" అన్నడు. కారం మిర్చి కంటే మంచి ధర పలికింది. వాన పడకముందే రేపే లారీ వస్తది, బస్తాలు కుట్టి పెట్టు! అత్తకు చెప్పు, నేనూ లారీలనే వస్తున్న.

నీ కోటేష్

తా.క.: నీ వీడియో ఖరీదుదారు తన ఫోన్‌ల ఎక్కించుకున్నడు. వచ్చే ఏడు ఊరూరా రైతులకు చూపిస్తడంట: "ఇట్ల ఏడిపించే కాయ మాత్రం వేయకున్రి" అని.