మేజర్ చదవలేని నోట్‌బుక్

హిందూపురం, 9 ఆగస్టు 1998, ఆదివారం

ధర్మవరం నుంచి సిస్టర్ జ్ఞానమ్మ వచ్చారు! కాన్వెంట్‌లో నాకు సైన్స్ చెప్పి, తర్వాత నర్సుగా రువాండా వెళ్లిన సిస్టర్. సంచిలోంచి ఒక నోట్‌బుక్ తీశారు.

1994 ఏప్రిల్‌లో అక్కడ ఊచకోత మొదలైనప్పుడు, సైన్యానికి దొరక్కుండా నలభైమూడు మందిని ఆస్పత్రి స్టోర్ రూమ్‌లో దాచారట. జావ పోసేటప్పుడు లెక్క తప్పకుండా పేర్లు రాసుకున్నారట, తెలుగులో. సోదాకు వచ్చిన సైన్యం మేజర్ పేజీలు తిరగేసి ఇదేమిటని అడిగాడట. "ప్రార్థనలు అని అబద్ధం సెప్పినా పాపా" అన్నారు. నోట్‌బుక్ తిరిగిచ్చేశాడట. మూడో రోజు సిస్టర్లను బలవంతంగా లారీ ఎక్కించి సరిహద్దు దాటించారట. ఆ తర్వాత స్టోర్ రూమ్‌లో ఒక్కరూ ప్రాణాలతో మిగల్లేదట.

ఇప్పుడు ఆ మేజర్ అరూషాలో, అంతర్జాతీయ కోర్టులో ముద్దాయి. అక్కడెవరూ దాక్కోనే లేదంటున్నాడట. పేర్లు ఇంగ్లీషులో రాసి, అవి నోట్‌బుక్‌లో ఉన్నవేనని సిస్టర్ కాక తెలుగు వచ్చిన ఇంకొకరు అఫిడవిట్ ఇవ్వాలి. ఆ ఇంకొకరు నేను!

10 ఆగస్టు, ఉదయం 6

నిద్ర పట్టలేదు. అట్లాస్‌లో అరూషా దొరికింది, రువాండా పక్క దేశంలో.

10 ఆగస్టు, సాయంత్రం

"యాడో దేశం, యాడో కోర్టు. మనకేల పాపా?" అన్నాడు నాయన. వాదించడం నాకు రాదు. నోట్‌బుక్ తెరిచి పేర్లు చదివాను. పదకొండో పేరు పక్కన "8 నెలలు, పాలు" అని ఉంది. నాయన టీవీ కట్టేశాడు. పెనుకొండ బస్సు ఎన్నింటికని అడిగాడు.

12 ఆగస్టు, పెనుకొండ

నోటరీ గంగాధరప్పగారు టైపు చేసిన కాగితం పట్టుకుని, నన్ను నోట్‌బుక్ చదవమన్నారు. ఒక్కో పేరుకీ టిక్కు. "గట్టిగా సదువు పాపా, నీ గొంతు నాకే ఇనపడల్యా. ఆఫ్రికా దాకా యాడ పోతాది?" అన్నారు. గట్టిగా చదివాను. ముప్పైయో పేరు దగ్గర వరండాలో మనుషులు మాటలు ఆపారు. నేను ఆపలేదు.

"ఏమప్పా లక్ష్మన్నా, మీ పాప నోరే తెరవదంటివే!" అని నాయనను ఎగతాళి చేశారు. నాయన నవ్వలేదు. కళ్లు తుడుచుకున్నాడు.

20 నవంబర్

సిస్టర్ సాక్ష్యం చెప్పడానికి అరూషా విమానం ఎక్కారు. ఇంట్లో కూర్చోలేకపోతున్నాను.

3 ఫిబ్రవరి 1999

సిస్టర్ ఉత్తరం. కోర్టులో నోట్‌బుక్ మేజర్‌కు చూపించారట. మళ్లీ పేజీలు తిరగేశాడట.

ఈసారి సిస్టర్ పైకి చదివారట. నలభైమూడూ.