కుట్టిన ఓడ ఎర్రిబాబుకి, పడవ ఇందుకి

రెండువేల ఇరవై ఐదో సంవత్సరం మే నెల ఇరవై ఒకటో తేదీ బుధవారం నాడు, అనకాపల్లి గవరపాలెంలో కాపురం ఉంటూ, ఆడవాళ్ళ బట్టలు కుట్టడం వృత్తిగా గల, కీర్తిశేషులు చోడిపల్లి పైడిరాజు గారి భార్య, అరవై నాలుగేళ్ళ చోడిపల్లి కాసులమ్మ అను నేను నా ఇష్టపూర్వకంగా రాయించిన వీలునామా ఏమనగా:

నాకు మతి స్థిరంగా ఉంది. నిన్న సాయంత్రం సూదిలో దారం ఒక్క పట్టులో ఎక్కించాను. కళ్ళజోడు పెట్టుకునే అనుకోండి. మోకాళ్ళ నొప్పి, బీపీ తప్ప జబ్బేమీ లేదు. ఈ కాగితం రాయమని నన్నెవరూ బలవంత పెట్టలేదు. నన్ను బలవంత పెట్టగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు, ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇంతకు మునుపు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. దస్తావేజు లేఖరి దేముడు గారు కొన్ని మాటలు వినగానే కలం ఆపి, ఇలాంటివి వీలునామాలో రాయరమ్మా అన్నారు. రాయండి అన్నాను. కొలతలు నావి, కుట్టు మాత్రమే ఆయనది.

మాకు పిల్లలు లేరు. పూడిమడకలో చేపల వేట చేసుకునే నా తమ్ముడు మైలపల్లి ఎర్రిబాబు, అతని కూతురు ఇందు నాకు దగ్గర వారసులు. పూడిమడక ఒడ్డున 'కాసులమ్మ' అని నీలం రంగుతో పేరు రాసి ఉన్న ఫైబరు పడవ చట్టప్రకారం నాది. ఆ పడవ మీద మా ఇందు కాలు పెట్టాలి. ఈ వీలునామా అందుకోసం రాయిస్తున్నాను. ఆ సంగతి ఆరో అంశంలో ఉంది. తొందరలో ఉన్నవాళ్ళు అక్కడికి వెళ్ళిపోవచ్చు. ఎర్రిబాబు ఎలాగూ వెళతాడు.

1. ఈ వీలునామాను అమలు జరపవలసినది లావణ్య టీచరు గారు. ఈమె హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతారు, ఇరవై ఏళ్ళుగా జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటున్నారు. నేను తీరిక వేళల్లో చెక్క ఓడలు కడతానని ఊళ్ళో చాలామందికి తెలుసు. తెలియని వారి కోసం చెబుతున్నాను. కిట్ అని ఒక అట్టపెట్టె వస్తుంది. అందులో సన్నని చెక్క బద్దలు, దారాలు, గుండుసూది కన్నా చిన్న ఇత్తడి మేకులు, ఒక నక్షా, ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంటాయి. వాటితో పాతకాలపు తెరచాప ఓడకి మూరెడు నమూనా కట్టాలి. ఏడాది పడుతుంది, ఒక్కోసారి రెండేళ్ళు. నేను చదివింది ఏడో తరగతి. ఆ పుస్తకాలన్నీ నాకు తెలుగులో చెప్పింది లావణ్య గారే. బ్లౌజు కొలతలిస్తూ చెప్పేవారు. అందుకని నా రెండో ఓడను ఈమెకు ఇస్తున్నాను. దాని తెరచాపలు ఈమె పసుపుపచ్చ జాకెట్టు లైనింగులో మిగిలిన గుడ్డే, టీ డికాషన్‌లో ముంచాను. ఇన్నాళ్ళూ చెప్పలేదు, క్షమించాలి.

2. గవరపాలెంలోని నా స్వార్జితమైన రెండు గదుల డాబా ఇల్లు, దాని మీద సర్వహక్కులు ఇందుకి చెందవలసినది. అయితే వీధి వైపు గది, అందులోని కుట్టు మిషను, ఇస్త్రీ పెట్టె, బల్ల, బోర్డుతో సహా, నాతో పదిహేడేళ్ళుగా పని చేస్తున్న బుల్లమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ వాడుకోవలసినది. అద్దె అడగకూడదు. ఆ ఇస్త్రీ పెట్టె గురించి ఒక మాట. తడిపిన బద్దను ఆ పెట్టె అంచు కింద పెట్టి ఒంపు తిప్పుతాను. అందుకే దాని అడుగున గోధుమరంగు చారలు ఉంటాయి. బుల్లమ్మా, ఇన్నేళ్ళూ ఆ చారలు రుద్దావు. అవి పోవు, ఇక రుద్దకు.

3. తుమ్మపాలలో ఉంటున్న మా బావగారు సత్తియ్య గారికి నేను కొత్తగా ఇచ్చేదేమీ లేదు, ఎందుకంటే ఆయన ముందే తీసుకున్నారు. మనవరాలు హాసిని బడిలో ఎగ్జిబిషనుకని నా మూడో ఓడను రెండు రోజులకి అడిగి పట్టుకెళ్ళారు. దానికి మొదటి బహుమతి వచ్చింది. అప్పటినుంచి తొమ్మిదేళ్ళుగా అది వాళ్ళింట్లో టీవీ మీద ఉంది. వచ్చినవాళ్ళకి మా పిల్ల చేసిందని చూపిస్తున్నారని విన్నాను. ఈ బావగారే నా మొదటి ఓడను చూసి, "ఆడదానికి ఓడలేటి, జాకెట్లు కుట్టుకోక" అన్నారు. ఓడ అక్కడే ఉండనివ్వండి, పిల్ల ముచ్చట పడింది. కాని లావణ్య గారు ఆ ఇంటికి వెళ్ళి, ఓడ అడుగు పీట మీద 'కట్టినది: చోడిపల్లి కాసులమ్మ' అని ఇత్తడి రేకు బిగించి రావలసినది. జిగురుతో వద్దు, మేకులతో బిగించాలి.

4. నాలుగో ఓడ, ఐదో ఓడ లావణ్య గారి బడికి ఇస్తున్నాను. హెడ్మాస్టరు గదిలో బీరువా మీద పెట్టకూడదు. పిల్లలు ముక్కు ఆనించి చూసే ఎత్తులో, అద్దాల పెట్టెలో ఉంచాలి.

5. ఆరో ఓడ సగంలో ఉంది. పొట్ట, పై అంతస్తు అయ్యాయి. స్తంభాలు నిలబెట్టాను, తాళ్ళు కట్టలేదు. అది, దాని మిగిలిన సామాను, నా పట్టకార్లు, మైనం ముద్ద, మా ఆయన స్టీలు టిఫిను డబ్బాలో ఉన్న ఇత్తడి మేకులు ఇందుకి చెందవలసినవి. పూర్తి చెయ్యాలని షరతు లేదు. ఆ డబ్బా మాత్రం పారెయ్యొద్దు. పైడిరాజు విశాఖపట్నంలో నేవీలో రిటైరైన ఒకాయన దగ్గర కారు నడిపేటప్పుడు ఆ డబ్బాలోనే నా చేతి అన్నం తిన్నాడు. మొదటి కిట్ ఆయన తెచ్చినదే. ఇల్లు మారుతూ ఆ నేవీ ఆయన వద్దనుకుని ఇచ్చేస్తే, ఏమిటో తెలియకుండానే తెచ్చి అటక మీద పెట్టాడు. నేను ఓడ కడుతుంటే ఎదురుగా కూర్చుని భూతద్దం పట్టుకునేవాడు. ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. అలాంటి మొగుడు దొరకడం కష్టం. ఆయన పోయాక రెండేళ్ళు నేను బద్ద ముట్టలేదు.

6. ఇక పడవ సంగతి. రెండువేల తొమ్మిదిలో ఎర్రిబాబు ఈ ఫైబరు పడవ కొన్నాడు. అతని పేరున అప్పటికే ఒక పాత పడవ ఉండటంతో, రెండోదానికి రాయితీ రాదని దీన్ని నా పేరున రాయించాడు. రిజిస్ట్రేషను కాగితం నా ట్రంకు పెట్టెలో, పెళ్ళి చీర కింద ఉంది. పడవను మొదటిసారి నీళ్ళలోకి దించే రోజు ఇంటి ఆడపడుచు చేత బొట్టు పెట్టించడం మావాళ్ళ ఆచారం. నన్ను పిలిచారు. కొత్త చీర పెట్టారు. పసుపు రాశాను, పడవ ముక్కుకి కుంకుమ పెట్టాను. నా పేరు నా ఎదురుగానే ఉంది. ఒక్కసారి ఎక్కి చూడాలనిపించి అంచు మీద చెయ్యి వేశాను. తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, కుంకం ఎట్టు. కాలెట్టకు" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. ఆడది ఎక్కితే గంగమ్మ తల్లికి కోపం, పడవకి చేటు అని మాలో పట్టింపు. బస్సెక్కి ఇంటికొచ్చి, అటక మీది పెట్టె దించి విప్పాను. నాకు ఓడల పిచ్చి ఎలా పట్టిందని అడిగేవారికి ఇదే జవాబు.

నా సంగతి అక్కడితో వదిలేద్దును. ఇందు సంగతి వదలను. ఇందు అనకాపల్లిలో మా ఇంట్లో ఉండి ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివింది. ఇప్పుడు అచ్యుతాపురంలో కంపెనీ బస్సెక్కి ఉద్యోగానికి వెళుతోంది. ఆదివారాలు తండ్రి పడవ ఇంజను బాగుచేసేది ఇందే. ఎలాగనుకున్నారు? నలుగురు మగవాళ్ళు ఇంజను విప్పి, మోసుకొచ్చి, ఇసకలో గోనె మీద పెడతారు. ఇందు బాగుచేస్తుంది. మళ్ళీ నలుగురూ మోసుకెళ్ళి బిగిస్తారు, వంకరగా. పడవలో బిగించి ఉండగా చూస్తేగాని తెలియని తేడాలుంటాయని పిల్ల మొత్తుకుంటూనే ఉంది.

పోయిన శ్రావణంలో ఒడ్డు కనపడీ కనపడనంత దూరంలో ఇంజను ఆగిపోయింది. గాలి లేచింది. పడవలో ఎర్రిబాబు, అతనితో వేటకెళ్ళే ముగ్గురు కలాసీలు. ఎర్రిబాబు కూతురికి ఫోను చేశాడు. సిగ్నలు తెగుతూ కలుస్తూ ఉంటే ఇందు ఒడ్డున మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, "నల్ల గొట్టం ఇప్పు నాన్నా. అది కాదు, దాని కిందది. నోటితో ఊదు. ఇప్పుడు తిప్పు" అని చెప్పింది. ఇరవై నిమిషాలకి ఇంజను అందుకుంది. నలుగురూ ఇంటికొచ్చారు. కలాసీలు ఒడ్డున దిగి ఆ పిల్ల కాళ్ళకి దణ్ణం పెట్టబోయారట. మరుసటి ఆదివారం మళ్ళీ ఇంజను ఇసకలోకే తెచ్చారు. ఇందు గొంతు పడవ ఎక్కవచ్చు, ఇందు కాలు ఎక్కకూడదు. ఇదేమిటని తమ్ముణ్ణి అడిగాను. "నాకేటి పట్టింపు లేదక్కా, కలాసీలు ఒప్పుకోరు" అన్నాడు. కలాసీలను అడిగాను. వాళ్ళు యజమాని ఒప్పుకోడన్నారు.

కాబట్టి యజమానిగా నేను చెబుతున్నాను. సదరు పడవ, ఇంజనుతో సహా, నా తదనంతరం ఎర్రిబాబుకి సగం, ఇందుకి సగం చెందవలసినది. షరతు ఒక్కటే. నేను పోయిన తర్వాత వచ్చే మొదటి జూన్‌లో, ఏటా సర్కారు పెట్టే వేట నిషేధం ముగిసి పడవలు నీళ్ళలో పడే రోజున, ఇందు ఆ పడవ ఎక్కి వేటకి వెళ్ళాలి. ఎర్రిబాబు తన చెయ్యి అందించి ఎక్కించాలి. లావణ్య గారు ఒడ్డున నిలబడి చూడాలి. ఆనాటి నుంచి ఇంజను పడవలో ఉండగానే బాగు కావాలి, ఇందు ఎప్పుడు వెళతానంటే అప్పుడు వెళ్ళాలి. ఇది జరగకపోతే పడవ పూర్తిగా ఇందుకే చెందుతుంది. తమ్ముడి కూడు తీసేయడం నాకు ఇష్టం లేదు. ఈ వాక్యం రాసేముందు దేముడు గారు నిజంగానేనా అని రెండుసార్లు అడిగారు. అయినా రాయమన్నాను.

7. నా మొదటి ఓడను ఎర్రిబాబుకి ఇస్తున్నాను. నా దగ్గరున్న వాటన్నిటిలోకీ నాకు అదే ఇష్టం. దాన్ని కట్టేనాటికి ఆ పుస్తకంలో ఏముందో నాకు తెలియదు. బద్దలకి జిగురు రాసి మేకులు కొట్టాలని రాసి ఉందట. పడవ అంటే కుట్టాలి కదా అనుకున్నాను. బద్ద బద్దకీ సూదితో కన్నాలు పొడిచి, బొత్తాల దారానికి మైనం పట్టించి, మొత్తం ఓడను కుట్టేశాను. ఆ కుట్టుకే రెండు నెలలు పట్టింది. లావణ్య గారు వచ్చి పుస్తకం చదివి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత విశాఖపట్నంలో ఓడల ప్రదర్శనకి పట్టుకెళితే ఒక కమిటీ ఆయన, నక్షా ప్రకారం లేదు, లెక్కలోకి రాదు అన్నాడు. ఆ తర్వాతివన్నీ నక్షా ప్రకారమే కట్టాను. కాని ఇంట్లో నీళ్ళ తొట్టిలో వేసి చూసింది మాత్రం దాన్నే. తేలింది.

ఆ కుట్టు ఎక్కడిదో ఎర్రిబాబుకి తెలియదు. మా నాన్న మైలపల్లి నూకన్న పడవ కుట్టేనాటికి నాకు తొమ్మిదేళ్ళు, వాడికి ఐదు. ఆ రోజుల్లో పడవ పలకలను కొబ్బరి తాడుతో కుట్టేవారు. దానికి ఇద్దరు కావాలి. బయటివాళ్ళు కన్నంలోంచి తాడు తోస్తే, లోపలివాళ్ళు అందుకుని, బిగించి లాగి, పక్క కన్నంలోంచి బయటికి ఇవ్వాలి. పడవ ముక్కు దగ్గర ఇరుకు, పెద్దవాళ్ళు పట్టరు. నాన్న నన్ను లోపల కూర్చోబెట్టాడు. మూడు రోజులు కూర్చున్నాను. బయటినుంచి నాన్న గొంతు వినిపించేది. "లాగవే కాసూ, ఒగ్గీకు. నువ్వొగ్గితే సముద్రం లోపలికొచ్చెత్తాది." అరచేతులు చీరుకుపోయాయి, వదల్లేదు. నాలుగో రోజు పడవకి పసుపు రాశారు. ఇక ఎక్కకూడదన్నారు.

ఎర్రిబాబూ, నువ్వు తెడ్డు పట్టడం నేర్చుకున్నది ఆ పడవలోనే. పద్దెనిమిదేళ్ళు నాన్న దానిమీదే మనల్ని పోషించాడు. ముక్కు దగ్గర ఒక్క కుట్టు ఊడలేదు. లోపలి ముడులన్నీ నావి. ఆడపిల్ల మూడు రోజులు కూర్చున్న పడవ, గంగమ్మ తల్లి ఏ కోపమూ పడలేదు. ఈ చిన్న ఓడ నీ చేతికి వచ్చినప్పుడు లోపలికి వేలు పెట్టి చూడు. అదే ముడి తగులుతుంది.

8. ఈ వీలునామాను మార్చుకునే హక్కు నేను బతికి ఉన్నన్నాళ్ళూ నాకు ఉంది. ఆరు, ఏడు అంశాల నకలు ఈ రోజే రిజిస్టరు పోస్టులో పూడిమడక పంపిస్తున్నాను. ఈ ఏడు వేట నిషేధం ముగియడానికి ఇంకా ఇరవై నాలుగు రోజులు ఉన్నాయి. ఈలోగా ఎర్రిబాబు వచ్చి, నన్నూ ఇందునూ పడవ ఎక్కమని తన నోటితో పిలిస్తే, ఆరో అంశంలోని షరతు కొట్టేయిస్తాను, పడవ ఇద్దరికీ బేషరతుగా సగం సగం. దుకాణం పది గంటలకి తీస్తాను. ఆదివారం కూడా ఇంట్లోనే ఉంటాను.

తమ్ముడూ, పదహారేళ్ళ కిందట కుంకుమ పెట్టమన్నావు, పెట్టాను. కాలు నాకింకా ఉంది.

ఇందులోని విషయాలన్నీ చదివించుకుని విని, సరేనని సంతకం చేశాను.

అనకాపల్లి, 21-05-2025
(సంతకం) చోడిపల్లి కాసులమ్మ

సాక్షులు:
1. (సంతకం) కర్రి నానాజీ, గవరపాలెం, మందుల దుకాణం
2. (వేలిముద్ర) మళ్ళ అప్పలకొండమ్మ, గవరపాలెం, పక్కింటి ఆమె

దస్తూరి: పెంటకోట దేముడు, దస్తావేజు లేఖరి, అనకాపల్లి. కాసులమ్మ గారు చెప్పిన మాటల్లో ఒక్కటీ తీయలేదు.