రోడ్డుకి అవతల అక్కయ్య

రోడ్డు బాగుచేసే ఆఫీసులో సలహాలు చదివే బాబుగారికి,

నమస్కారాలు. నేను బట్టలు కుడతాను, అందరూ మిషనమ్మ అంటారు. మా రోడ్డుకి ఏం కావాలో చెప్పమని ఇంటింటికీ కాగితం పంపారు. నా బుద్ధెరిగాక నన్నొక ఆఫీసు సలహా అడగడం ఇదే మొదలు, ముందుగా అందుకో దండం. రోడ్డు వెడల్పు చేశాక దాటడం మావల్ల కావడం లేదు. మా అక్కయ్య ఇల్లు సరిగ్గా ఎదురుగానే. మోకాళ్ల నొప్పులతో ఆవిడ రాలేదు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నేను వెళ్లలేను. ఆవిడ కోసం చూసి చూసి కళ్లు కాయలు కాచాయి. కాస్త దారి చూపించండి.

ఇట్లు,
మిషనమ్మ

తా.క.: అక్కయ్యకి ఫోనుంది. రోడ్డు హోరుకి నేనేమడిగినా "ఆఁ, తిన్నాను" అంటుంది.

---

గౌరవనీయులైన మిషనమ్మగారికి,

మీ విలువైన సలహాకు కృతజ్ఞతలు. కళ్ల సంగతి ఆరోగ్య విభాగానికి, కాయల సంగతి తోటల విభాగానికి పంపాం. దారి చూపించమన్నారు కనుక, దారి చూపే బోర్డు పాతిస్తున్నాం.

భవదీయుడు,
సలహాల గుమాస్తా

తా.క.: కాయలు ఏ జాతివో తోటలవారు అడుగుతున్నారు.

---

సలహాల బాబుకి ఆశీస్సులు.

నిండు నూరేళ్లు బతుకు నాయనా! డాక్టరమ్మ వచ్చి కళ్లజోడు ఇచ్చింది. ఇన్నాళ్లకి సూదిలో దారం నేనే ఎక్కించుకున్నాను. తోటలవాళ్లు గుమ్మం ముందు నీడనిచ్చే మొక్క నాటారు. 'అక్కయ్య ఇల్లు' అని బాణం గీసి బోర్డూ పెట్టారు. బాణం దాటుతోంది కానీ, నేనే దాటలేకపోతున్నాను. ఇంత చేశాక మళ్లీ అడగాలంటే సిగ్గు, అడక్కపోతే గుండె బరువు.

ఇట్లు,
మిషనమ్మ

తా.క.: కళ్లజోడు పెట్టుకున్నాక తెలిసింది. నేనిన్నాళ్లూ చెయ్యి ఊపింది అక్కయ్యకి కాదు, మేడ మీద ఆరేసిన దుప్పటికి.

---

మిషనమ్మగారికి నమస్కారాలు.

గుండె బరువు చూసే విభాగం మాకు లేదు. అందుకని నేనే బయల్దేరాను. బస్సు అవతలి వైపు దింపింది. మీ గుమ్మం కనిపిస్తూనే ఉంది. నేనొక అడుగు ముందుకేస్తే లారీ రెండడుగులు వెనక్కి పంపింది. చివరికి మీ అక్కయ్యగారే లోపలికి పిలిచి కుర్చీ వేశారు. మీరు కుట్టిన బట్టలన్నీ పెట్టెలోంచి తీసి చూపించారు. "కుట్టు సంగతి సరే నాయనా, దాని మొహం దగ్గరగా చూసి ఎన్నాళ్లయిందో!" అన్నారు. తిన్నగా వెళ్లి ఇంజనీరుగారి ముందు నిలబడ్డాను.

భవదీయుడు,
సలహాల గుమాస్తా

తా.క.: అక్కణ్నుంచి మీకు చెయ్యి ఊపాను. మీరు ఊపలేదు. దుప్పటి అనుకున్నారా?

---

నాయనా, చల్లగా ఉండు.

రోడ్డు మీద తెల్లచారలు గీశారు, ఎర్రలైటు పెట్టారు. నిన్న అది వెలగ్గానే లారీలన్నీ ఆగాయి. ఎవరికోసం? మా అక్కయ్య కోసం! ఆవిడ కర్ర పోటేసుకుంటూ మహారాణిలా నడిచొచ్చింది. సగంలోనే లైటు మారింది, అయినా ఒక్కడూ హారన్ కొట్టలేదు. గుమ్మంలోకి వస్తూనే నా మొహం రెండు చేతులా పట్టుకుని "ముసలిదానివైపోయావే!" అంది. ఏడ్చాం, నవ్వాం. నీ రుణం ఎలా తీర్చుకోను? చొక్కా కుడతాను, కొలతలు పంపు.

ఇట్లు,
మీ మిషనమ్మ

తా.క.: అక్కయ్య ఇంక వెళ్లనంటోంది. ఆ చారల మీద తిరిగి కూడా వెళ్లొచ్చని నేను చెబితే "ఆఁ, తిన్నాను" అంటోంది. తప్పు రోడ్డు హోరుది కాదు బాబూ.

---

అమ్మా,

మాకొచ్చేవన్నీ తిట్లే. దీవించిన ఉత్తరం మీదొక్కటే. ఆఫీసంతా చదివాం, ఇంజనీరుగారు రెండుసార్లు ముక్కు చీదారు. దండం పెట్టాల్సింది మేమే. చొక్కా మాత్రం వద్దు, ఆఫీసువాణ్ణి, తీసుకోకూడదు. బదులుగా ఒక సాయం చెయ్యండి. మా ఇల్లూ ఇలాంటి రోడ్డు మీదే. మా అమ్మ అవతలి కొట్టుకి వెళ్లినప్పుడల్లా నా ప్రాణం నా దగ్గరుండదు. సలహా రాస్తే అది నా బల్ల మీదకే వచ్చింది. సొంత అర్జీని పైకి పంపకూడదని నిబంధన. అందుకని ప్రతిసారీ 'పరిశీలిస్తాం' అని నాకు నేనే జవాబు రాసుకుంటున్నాను. అది చదివి మా అమ్మ "ఎవడ్రా ఈ దద్దమ్మ?" అంటోంది. మా తరఫున మీరొక ఉత్తరం రాయరూ?

ఇట్లు,
మీ సలహాల బాబు

తా.క.: కాయలూ గుండెలూ వద్దమ్మా, 'రోడ్డు దాటాలి' అని మాత్రం రాయండి. చదివేది నేనే.