చివరి రెండు పాదాలు

శ్యామలా,

నువ్వు చదవవని తెలుసు. అయినా నీ నేస్తాన్ని, ఈ కోపం నీకు తప్ప ఎవరికి చెప్పను?

నువ్వు పోయి నేటికి ఏడాది. టెక్కలిలో మీ ఆయన సభ పెట్టి, నీ పద్నాలుగు పాదాల సానెట్ల పుస్తకం ఆవిష్కరింపజేశాడు. బతికుండగా నీ రాతలను పిచ్చిగీతలన్న మనిషి, ఇవాళ శాలువా కప్పించుకుని నీ కవిత చదివాడు. ఇంటిని, పెరట్లో పనసచెట్టును, సాయంత్రం తన బండి చప్పుడును నువ్వు పొగిడిన పన్నెండు పాదాలూ చదివి ఆగిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు.

పద్నాలుగు పాదాల్లో అసలు మాట నువ్వెప్పుడూ చివరి రెండింటిలోనే చెబుతావు కదా. లేచి నిలబడి, పుస్తకం తెరిచి అవి నేను చదివాను.

"ఇంట్లో ఉన్నవన్నీ నావేనన్నావు, తాళంచెవి మాత్రం నీ దగ్గరే ఉంచావు.
ఈ పొగడ్తలన్నీ తలుపు తీస్తావని చెప్పినవే, నువ్వు తీయలేదు."

మీ ఆయన కంగారుపడలేదు. "ఆ రెండూ మా ఇంటి మాటలమ్మా, పదిమందిలో సదవడం ఎందుకు?" అన్నాడు నవ్వుతూ. అర్థంకాక వదిలేశాడనుకున్నాను అప్పటిదాకా. తెలిసే వదిలేశాడు.

పూండి నుంచి వచ్చిన మీ అమ్మ ముందు వరసలోంచి లేచింది.

"మా పిల్ల ఏటి రాసిందో మొత్తం ఇనాల. మొదట్నుంచీ సదువు తల్లీ," అంది నాతో.

చదివాను. ఈసారి చప్పట్లు లేవు. మీ అమ్మ చివరిదాకా అల్లుడి ముఖమే చూస్తూ నిలబడింది.