కూర్చోకుండా వెళ్ళిపోయినవాడికి

ఒరేయ్ అవెర్కా!

మంత్రివయ్యాక ప్రభువుగారూ అని రాయమన్నావు, ఇన్నాళ్ళూ రాశాను. ఇవాళ రాయను.

మహారాణిగారి మనసు ఇంకొకడి మీదికి మళ్ళిందనీ, నిన్ను రాజధాని పీటర్స్‌బర్గ్ వదిలి పొమ్మన్నారనీ, ఇక నీకు అక్క ఇల్లే దిక్కనీ రాశావు. ఇప్పటికి గుర్తొచ్చానా?

అంత పెద్దవాడివయ్యాక ఒక్కసారే ఊరొచ్చావు. వెళ్ళేటప్పుడు అమ్మ బల్ల తుడిచి, "ఒక్క క్షణం కూర్చుని వెళ్ళు నాయనా, దారి బాగుంటుంది" అంది. మన ఊళ్ళో దూరం వెళ్ళేవాడెవడైనా, ఇంట్లోవాళ్ళ పక్కన కాసేపు మాట్లాడకుండా కూర్చున్నాకే గడప దాటతాడని నీకు తెలియదూ? "ఇవన్నీ మొరటువాళ్ళ నమ్మకాలమ్మా, అవతల మహారాణి ఎదురుచూస్తోంది" అని బండెక్కావు.

నీ బదులు అమ్మ ఒక్కతే కూర్చుంది. మంచులో నీ గుర్రాల గంటలు వినిపించడం మానేదాకా లేవలేదు. పోయేదాకా "వాడు కూర్చోలేదే" అని ఒకటే బాధ. ఆమె పోతే పూలదండ పంపావు, నువ్వు రాలేదు.

రా. పొయ్యి పక్కన చోటుంది, క్యాబేజీ పులుసుంది. కానీ బయల్దేరేముందు ఆ పాలరాతి మేడలో ఒక్క క్షణం కూర్చో. నీ పక్కన కూర్చోడానికి ఎవడొస్తాడో చూడు. అమ్మ ఎలా కూర్చుందో అప్పుడు తెలుస్తుంది.

నీ అక్క