అక్క పంపిన కోడ్

అక్కా,

ఉత్తరం ఏమిటని కంగారు పడకు. ఫోన్ చేస్తే ప్రతిసారీ బావే ఎత్తి, "మీ అక్క వంటింట్లో ఉంది, డబ్బు సంగతేంటి?" అంటున్నాడు. అందుకే నువ్వు పనిచేసే కుట్టు షాపుకి రాస్తున్నాను.

నీ కంటి ఆపరేషన్‌కి పంపిన డబ్బు మళ్ళీ తిరిగొచ్చింది. మూడోసారి! బావ బ్యాంకు స్విఫ్ట్ కోడ్ మళ్ళీ తప్పు పంపావు. విదేశం నుంచి వచ్చే డబ్బు ఏ బ్యాంకుకి చేరాలో చెప్పేది ఆ కాసిని అక్షరాలే తల్లీ! మొదటిసారి ఇంకేదో బ్యాంకుది పంపావు. రెండోసారి అసలు లోకంలోనే లేని కోడ్. ఈసారి ఏకంగా వేరే దేశానిది! కౌంటర్లో అమ్మాయి నన్ను చూడగానే తల పట్టుకుంటోంది. వెళ్ళేటప్పుడు చార్జీ, వచ్చేటప్పుడు చార్జీ. ఆస్పత్రి వంటగదిలో గిన్నెలు తోమి సంపాదించిందంతా బ్యాంకువాళ్ళకి ధారపోస్తున్నాను. కళ్ళు ఆనకపోతే ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు కదా? నీతో వేగలేక చస్తున్నాను.

ఆలస్యమైతే ఆ కన్ను దక్కదని డాక్టరు అన్నాడని చెప్పింది నువ్వే. నాకు భయమేస్తోందక్కా. ఈ కోపమంతా అందుకే.

నీ చెల్లి

* * *

నా గయ్యాళి చెల్లికి,

ఎంత తిట్టావే! నీ ఉత్తరం కుట్టు మిషన్ మీద పెట్టుకుని రెండుసార్లు చదివాను.

కళ్ళు ఆనక కాదు. ఆ తప్పులు కావాలనే రాశాను. నువ్వు పంపేది మీ బావ ఖాతాకి. అది రాగానే పాత కారొకటి కొనడానికి బేరం కూడా కుదుర్చుకున్నాడు. నా కంటికి చుక్కల మందు చాలట. నీకు చెబితే ఊరుకుంటావా? ఫోన్లోనే ఆయన్ని దులిపేస్తావు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉండాల్సింది నేను. కోడ్ తప్పయితే డబ్బు నీ దగ్గరికే వెళ్ళిపోతుందని షాపు ఓనరమ్మ చెప్పింది. అందుకే ఆయన పక్కన కూర్చుని చూస్తుండగానే మార్చి పంపాను. తిరిగెళ్ళిందని తెలిసిన ప్రతిసారీ "మొద్దు మొహమా" అని ఆయన అరుస్తుంటే, తల వంచుకుని ఉల్లిపాయలు తరిగాను. లోపల మాత్రం హాయిగా ఉండేది. చార్జీల సంగతి నాకు తెలియదే. అందుకు మాత్రం ఎన్ని తిట్టినా పడతాను.

నిన్న ఓనరమ్మ వెంట ఉండి నాకు ఖాతా తెరిపించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఒక కాగితం మీద నా పేరొక్కటే చూసుకోవడం ఇదే మొదలు. ఆ బ్యాంకు కోడ్ కింద రాశాను, మంచి కన్ను దగ్గరగా పెట్టి చూసి మరీ. ఇక పంపు. ఆపరేషన్‌కి తేదీ కూడా తీసుకున్నాను.

మీ బావకి ఇంకా ఏమీ తెలియదు. రేపు ఫోన్ చేసి, ఆయన ఎత్తితే నాకిమ్మని అడిగి, కోడ్ మళ్ళీ తప్పని నన్ను నాలుగు తిట్టు. గట్టిగా తిట్టవే, పక్కనున్న ఆయనకి వినపడాలి.

నీ మొద్దు అక్క