నాలుగు గంటల దూరంలో సింగపూరు

ధనంజయా,

ఎలుక చచ్చిందనుకుని నీ మంచం కింద వెతికితే, నువ్వు సింగపూరు తీసుకెళ్ళి తెచ్చిన పెట్టెలో చెల్లెలు కామాక్షికని అమ్మ కట్టిచ్చిన పులిహోర డబ్బా దొరికింది. మూత తీస్తే పురుగులు. నువ్వే పారబోసి డబ్బా తోము. నేను ముట్టను.

విమానం రెండు రోజులు పోతుందనీ, పులిహోర దారిలోనే పాచిపోతే పారేశాననీ అమ్మతో చెప్పావు. "రెండు దినాలు ఆకాశంలో నేను కూసోలేనమ్మా" అని కామాక్షి కాన్పుకు సింగపూరు పోవడమే మానుకుంది అమ్మ. ఏడో నెల కడుపుతో చెల్లెలు అక్కడ ఎదురుచూస్తోంది.

నిన్న మన సత్రంలో దిగిన సింగపూరు అవ్వను అడిగాను. డెబ్బై ఏళ్ళ మనిషి, ఒక్కతే వచ్చింది. "యాడి రెండు దినాలు పాపా? పద్దెనిమిది నూర్ల మైళ్ళు, నాలుగు గంటలు. ఒక కునుకు తీసేలోపల మద్రాసు వచ్చేసె" అని నవ్వింది. మన తిరుపతి బస్సు మద్రాసు చేరడానికీ అంతసేపే కదరా.

అమ్మకు పాస్‌పోర్టు ఫోటో తీయించడానికి వెళ్తున్నాం. ఇలా ఎందుకు చేశావో దీని కిందే రాసిపెట్టు. నీ మొహం చూస్తూ వినలేను.

అన్నం మూతపెట్టి ఉంది. చేతులు బాగా కడుక్కుని తిను.

– భారతక్క

అక్కా, ఇంగువ వాసనకు విమానంలో పక్క సీటాయన ముక్కు మూసుకున్నాడు. సిగ్గేసి డబ్బా మళ్ళీ బయటికి తీయలేదు. పారేయడానికీ చెయ్యి రాలేదు. అమ్మ ఏం పంపిందని కామాక్షి అడిగింది. ఏమీ పంపలేదని చెప్పినాను.